గీతను చెరిపే గీత

లేత్ మీద తీసిన గిన్నె నునుపులో ఉలి వంతు కొంత, గరుకు కాగితం వంతు కొంత. ఆ రెండో వంతు కోసం సాండర్ మిషన్ కొనబోయేవాళ్లు మిషన్ కంటే ముందు చూడాల్సింది దాని కింద ఉండే ప్యాడ్‌ను.

లేత్ మీద తిప్పి చేసిన ఏ చెక్క వస్తువునైనా కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుని చూడండి. ఎదురుగా చూసినప్పుడు నున్నగా ఉన్నదే ఇప్పుడు గుట్టు బయటపెడుతుంది. అంచు నుంచి అడుగు దాకా ఒకదాని పక్కన ఒకటి సన్నటి వలయాలు కనిపిస్తాయి. నూనె పట్టించాక అవి ఇంకా ముదురుతాయి. చేసినవాడు రోజంతా రుద్ది ఉండొచ్చు. అయినా గీతలు పోలేదు, ఎందుకంటే ఆ గీతలు గీసింది ఆ రుద్దుడే.

లేత్ పనిలో కాగితం కదలదు, కర్ర తిరుగుతుంది. కాగితం మీది ఒక్కో గరుకు రేణువూ కర్ర చుట్టూ ఒక పూర్తి వలయం గీస్తుంది. పక్క రేణువు పక్కనే ఇంకోటి గీస్తుంది. అన్నీ ఒకే దిక్కున ఉండబట్టే కంటికి చిక్కుతాయి. బల్ల చెక్కను రుద్దే వడ్రంగికి ఈ చిక్కు లేదు. అతను నార వెంబడే చెయ్యి ఆడిస్తాడు, గీతలు నారలో కలిసిపోతాయి. మంచం కోడు లాంటి పొడుగాటి వస్తువును లేత్ మీద రుద్దితే గీత పడేదే నారకు అడ్డంగా. అందుకే పాత పనివాళ్లు చివర్లో లేత్ ఆపేసి, కాగితాన్ని నిలువుగా నాలుగుసార్లు లాగి వదిలిపెడతారు. కోడుకు అది చాలు. గిన్నెకు చాలదు.

లక్క దాచిపెట్టే గీతలు

తెలుగు నేల మీద లేత్ పని అంటే ముందు గుర్తొచ్చేది ఏటికొప్పాక. ఇప్పటి అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. లక్కపిడతలు, బొంగరాలు, కుంకుమ భరిణెలు, ఎడ్లబండ్లు, దేవుడి బొమ్మలు అక్కడివే. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవీ అవే. రసాయన రంగుల్లో మునిగిపోయిన ఆ పనిని పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి సహజ రంగుల వైపు మళ్లించడానికి దశాబ్దాలుగా పాటుపడిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

అక్కడ వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, సన్నటి నారతో ఉంటుంది. ఎండిన ముక్కను లేత్‌కు బిగించి, ఉలితో ఆకారం తీసి, కాగితంతో ఒకసారి రుద్దుతారు. ఆ తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు గట్టిగా ఆనిస్తారు. రాపిడికి వేడి పుట్టి లక్క కరుగుతుంది. దానికి 75, 80 డిగ్రీల వేడి చాలు. కరిగిన లక్కను మొగలి ఆకుతో అదిమితే అది సమంగా పరుచుకుని మెరుపు తేలుతుంది. కర్నాటకలోని చన్నపట్నలోనూ దాదాపు ఇదే కర్ర, ఇదే ఆకు, ఇదే పద్ధతి.

కాగితం వదిలిపెట్టిన సన్న గీతలన్నీ లక్క కిందికి పోతాయి. అంతేకాదు, ఆ కాస్త గరుకు ఉంటేనే లక్క పట్టు దొరకబుచ్చుకుంటుంది. కాబట్టి లక్కబొమ్మల పనికి సాండర్ మిషన్ అక్కర్లేదు, పెట్టకూడదు కూడా. మూడు సెంటీమీటర్ల మందం ఉన్న భరిణె మీద మిషన్ ఆనిస్తే గాడులు, అంచులు, పూసల వంపులు అన్నీ మొద్దుబారి ఒకే ముద్దవుతాయి. వేలి వెడల్పు కాగితం పట్టీ చేసే పని అక్కడ ఏ యంత్రమూ చెయ్యలేదు. లక్క పట్టించాక మిషన్ పెడితే మరీ ప్రమాదం, లక్క మళ్లీ కరిగి డిస్కుకే అంటుకుంటుంది.

ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. కొత్తగా లేత్ కొన్న ఔత్సాహికులు మొదటి నెలలోనే సాండర్ కూడా కొనేస్తున్నారు. చేసేది చపాతీ కర్రలూ, కలం పిడులూ అయితే ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

గిన్నె దగ్గర వచ్చే పేచీ

సాండర్ నిజంగా కావాల్సింది గిన్నెలకు, పళ్లేలకు. మామిడి, వేప, పనస, నిద్రగన్నేరు దుంగల్లోంచి తీసే వెడల్పాటి వస్తువులకు పూసేది నూనె, మహా అయితే మైనం. ఏ గీతా దాగదు.

దుంగను నిలువునా చీల్చి, ఆ బద్దలోంచి గిన్నె తీస్తాం. అందుకని గిన్నె ఒక చుట్టు తిరిగేలోపు ఉలి ముందుకు రెండుసార్లు నార పొడవు, రెండుసార్లు నార కొసలు వస్తాయి. కొసలు ఎదురైన ఆ రెండు చోట్లే కర్ర లేచిపోతుంది, చిన్న చిన్న గుంటలు పడతాయి. గిన్నె మొత్తంలో రుద్దుడు కోరేది ఆ రెండు చోట్లే. కానీ లేత్ తిప్పుతూ కాగితం ఆనిస్తే రుద్దుడు అన్నిచోట్లా పడుతుంది. మెత్తగా ఉన్న పక్క భాగం త్వరగా అరుగుతుంది, గట్టిగా ఉన్న కొసల భాగం నిలుస్తుంది. గంటసేపు అలా రుద్దితే గుండ్రటి గిన్నె కోలగా మారుతుంది. అంచు మందం ఒకచోట ఎక్కువగా, ఇంకోచోట తక్కువగా తేలుతుంది. లేత్ ఆపేసి, ఆ రెండు చోట్ల మాత్రమే పనిచేసే సాధనం ఉంటే ఈ పేచీ ఉండదు. సాండర్ చేసే మొదటి మేలు ఇదే.

రెండోది గిన్నె నట్టనడుమ. 25 సెంటీమీటర్ల గిన్నె నిమిషానికి 300 చుట్లు తిరుగుతుంటే అంచు దగ్గర కర్ర సెకనుకు దాదాపు నాలుగు మీటర్ల వేగంతో కాగితం కిందనుంచి పోతుంది. నడుముకు వచ్చేకొద్దీ ఆ వేగం తగ్గి సరిగ్గా కేంద్రం దగ్గర సున్నా అవుతుంది. చేత్తో పట్టుకున్న కాగితం అక్కడ అసలు కొయ్యదు. చాలా గిన్నెల అడుగున చిన్న బొడిపో, గుంటో కనిపించడానికి సగం కారణం అది. తనంతట తాను కదిలే ప్యాడ్ ఉంటే కేంద్రమైనా అంచైనా ఒకటే.

మూడో చిక్కు వేడి. లక్కకు వరమైన రాపిడి వేడే వట్టి కర్రకు శాపం. నార కొసల దగ్గర తేమ చటుక్కున ఆరిపోయి వెంట్రుకంత పగుళ్లు పడతాయి. రుద్దేటప్పుడు కనిపించవు. నూనె పూశాక నల్లటి గీతలుగా బయటపడతాయి, అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు. గిన్నె గోడ పలచన అయ్యేకొద్దీ ఈ ముప్పు ఎక్కువ. ఆపి, చేత్తో తాకి చూడాలి. వెచ్చగా తగిలితే కాసేపు వదిలెయ్యాలి.

పొత్రం తిరిగినట్టు

రాండమ్ ఆర్బిటల్ సాండర్ అనే మాట వినగానే భయపడాల్సింది లేదు. రుబ్బురోట్లో పొత్రాన్ని గుంట చుట్టూ తిప్పుతుంటే అది తన చుట్టూ తాను కూడా మెల్లగా తిరుగుతుంది కదా, ఈ మిషన్ అడుగున ప్యాడ్ చేసేది అదే. మోటారు ఇరుసుకు ప్యాడ్ సరిగ్గా నడుమ బిగించి ఉండదు, కాస్త పక్కకు జరిగి ఉంటుంది. దాంతో ప్యాడ్ మొత్తం చిన్న వృత్తంలో ఊగుతుంది. పైగా ప్యాడ్ తన సొంత బేరింగ్ మీద ఉంటుంది కనుక ఊగుతూనే నెమ్మదిగా తిరుగుతుంది. ఎంత తిరుగుతుందన్నది చేతి ఒత్తిడి మీద, కర్ర రాపిడి మీద ఆధారపడి క్షణక్షణం మారుతుంది. కాబట్టి ఒక రేణువు గీసిన దారిలోనే అది మళ్లీ నడవదు. గీతలు పడతాయి, కానీ ఒకదాన్నొకటి కోసుకుంటూ అన్ని దిక్కులకూ పోతాయి. కంటికి పట్టుకోవడానికి ఒక వరుస దొరకదు.

ఇందులో మెలిక ఒకటుంది. గట్టిగా అదిమితే ప్యాడ్ తన చుట్టూ తిరగడం మానేస్తుంది, ఊగడం మాత్రమే మిగులుతుంది. అప్పుడు పడేవి చిన్న చిన్న మెలికల గీతలు. చూడ్డానికి ఎవరో సన్న పెన్సిల్‌తో సున్నాలు చుట్టినట్టుంటాయి, చేత్తో రుద్ది తీసేయడం మహా కష్టం. పని త్వరగా కావాలని అదిమేవాళ్లకు ఈ మిషన్ ఎదురు పని పెడుతుంది. మిషన్ బరువు చాలు. చెయ్యి దాన్ని నడిపించాలి, నొక్కకూడదు. ప్యాడ్ అంచున పెన్నుతో ఒక గీత పెట్టుకోండి. పని చేస్తుండగా ఆ గీత తిరుగుతూ కనిపిస్తే ఒత్తిడి సరిపోయింది, ఒకేచోట వణుకుతూ ఉంటే ఎక్కువైంది.

ఊగే వృత్తం వెడల్పు ఎంతన్నది డబ్బా మీద రాసి ఉంటుంది. మామూలుగా రెండున్నర మిల్లీమీటర్ల దగ్గర నుంచి ఐదు మిల్లీమీటర్ల వరకు. పెద్ద వృత్తం త్వరగా కోస్తుంది, చిన్నది నునుపు తేలుస్తుంది. గిన్నె పనికి రెండున్నర, మూడు చాలు. వేగం తగ్గించుకునే చక్రం తప్పనిసరి. అది లేని మిషన్ ఎంత చవకైనా వద్దు. పై కోటు తర్వాత నెమ్మదిగా రుద్దాలన్నా, వేడి పుట్టకుండా చూసుకోవాలన్నా ఆ చక్రమే దిక్కు.

వేగం అంకెల దగ్గర చాలామంది పొరపడుతున్నారు. మన వడ్రంగుల చేతుల్లో ఎక్కడ చూసినా కనిపించేది నాలుగు అంగుళాల గ్రైండర్. దాని డబ్బా మీద నిమిషానికి 11,000 అని ఉంటుంది. సాండర్ డబ్బా మీద 12,000 అని ఉంటుంది. రెండూ ఒకటేనని, గ్రైండర్‌కే కాగితం ప్యాడ్ తగిలించి గిన్నెలు రుద్దుతారు. లెక్క కట్టి చూడండి. గ్రైండర్ డిస్కు అంచు ఆ వేగంతో సెకనుకు 57 మీటర్లు పరిగెడుతుంది. సాండర్ మీద రెండున్నర మిల్లీమీటర్ల వృత్తంలో ఊగే రేణువు 12,000 ఊపుల దగ్గర కూడా సెకనుకు దాదాపు మీటరున్నరే పోతుంది. 30 రెట్లకు పైగా తేడా. ఒకటి దుంగను చెక్కే సాధనం, ఇంకోటి చివరి మెరుగు పెట్టేది. గ్రైండర్‌తో రుద్దిన గిన్నెలో కాలిన మచ్చలు రాకపోతే అది అదృష్టమే.

లెక్క తేల్చేది ప్యాడ్

దుకాణాల్లో సులువుగా దొరికే సాండర్ ఐదు అంగుళాలది, అంటే 125 మిల్లీమీటర్ల ప్యాడ్ ఉన్నది. రాణిగంజ్ హార్డ్‌వేర్ సందుల్లో ఏ కొట్టు ముందు నిలబడి అడిగినా ముందు అదే చేతిలో పెడతారు, వాట్లెన్నో చెబుతారు. వాట్ల గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. నేను అడిగేది ఒక్కటే, ఈ ప్యాడ్ గిన్నె వంపులో కూర్చుంటుందా అని.

గిన్నె లోపలి వంపు వ్యాసార్ధం 75 మిల్లీమీటర్లు అనుకుందాం. మామూలు పప్పు గిన్నె అంత. బల్లపరుపుగా ఉన్న 125 మిల్లీమీటర్ల ప్యాడ్‌ను అందులో పెడితే చుట్టూ అంచు మాత్రమే ఆనుతుంది, నడుమ భాగం కర్రకు 33 మిల్లీమీటర్ల దూరంలో గాల్లో ఉంటుంది. అదే గిన్నెలో 75 మిల్లీమీటర్ల ప్యాడ్ పెడితే ఆ సందు 10 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. 50 మిల్లీమీటర్లదైతే నాలుగే. ప్యాడ్‌కూ కాగితానికీ మధ్య పెట్టే స్పాంజి పొర సాధారణంగా 10 మిల్లీమీటర్ల మందం. నాలుగు మిల్లీమీటర్ల వంపును అది హాయిగా సర్దుకుంటుంది, పదిని కష్టం మీద సర్దుకుంటుంది, 33ను ఎన్నటికీ సర్దుకోలేదు. అంచు మాత్రమే ఆనిన ప్యాడ్ గిన్నెలో నెలవంక ఆకారపు గాట్లు పెడుతుంది. మిషన్ ఎంత ఖరీదైనదైనా ఈ లెక్క మారదు.

అందుకే గిన్నెల లోపలికి రెండు, మూడు అంగుళాల ప్యాడ్‌లే పనికొస్తాయి. ఐదు అంగుళాలది పళ్లేలకు, పెద్ద గిన్నెల బయటి వైపుకు, అడుగు భాగానికి.

ప్యాడ్ గట్టిదనం ఇంకో సంగతి. గట్టి ప్యాడ్ ఎత్తుపల్లాలను చదును చేస్తుంది, కాబట్టి చదునైన పళ్లెం అంచుకు మంచిది. మెత్తటిది వంపును అనుసరిస్తుంది, కానీ గట్టి నార, మెత్తటి నార పక్కపక్కనే ఉన్న కర్ర మీద మెత్తటి చోట ఎక్కువ అరగదీసి అలలు తెస్తుంది. నా మట్టుకు నేను కాగితం నంబర్లలో మొదటి రెండింటికి మధ్యరకం ప్యాడ్, తర్వాతి నంబర్లకు స్పాంజి పొర వేసిన మెత్తటిది వాడతాను. గిన్నె మూతి అంచు మీద మాత్రం మెత్తటి ప్యాడ్ ఎప్పుడూ వద్దు. పదునుగా తీసిన అంచు క్షణంలో గుండ్రబడిపోతుంది. అక్కడ వేళ్లే మేలు.

కాగితాన్ని ప్యాడ్‌కు పట్టి ఉంచేది కొక్కేల పట్టీ, జనం వెల్‌క్రో అంటారు. 1941లో జార్జ్ ద మెస్ట్రాల్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు తన కుక్కతో కొండల్లో తిరిగొచ్చి, దాని బొచ్చుకు, తన బట్టలకు అంటుకున్న ముళ్లకాయలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. కొసన చిన్న కొక్కేలు కనిపించాయి. 1955లో పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు కాగితాన్ని ప్యాడ్‌కు జిగురుతో అంటించేవారు, నంబరు మార్చాలంటే పీకి పారేయడమే. ఒకే గిన్నెకు ఐదారు నంబర్లు మార్చాల్సిన లేత్ పనివాడికి ఈ కొక్కేలు చేసిన మేలు అంతా ఇంతా కాదు.

ఆ కొక్కేలు ప్లాస్టిక్‌వి. వేడికి కొసలు కరిగి పట్టు వదిలేస్తాయి, కాగితం ఎగిరి పడుతుంది. ప్యాడ్ పాడైందని మిషన్‌ను తిట్టుకుంటారుగానీ, పాడు చేసింది అదిమిన చెయ్యి. కొక్కేలు ముందుగా పోయేది అంచు దగ్గర, వేడి ఎక్కువ పుట్టేది అక్కడే కాబట్టి. కాగితం డిస్కు ప్యాడ్ కన్నా వీసమెత్తు పెద్దదిగా ఉంటే ఆ అంచు కాస్త కాపాడబడుతుంది, గిన్నెలో ప్యాడ్ అంచు గీరుకుపోవడం కూడా తగ్గుతుంది. మిషన్‌తో పాటు ఇచ్చే ప్యాడ్‌ను నేరుగా అరగదీయకుండా, పైన ఒక పలుచటి రక్షణ పొర వేసుకుంటే కొక్కేలు పోయినప్పుడు ఆ పొర మార్చుకుంటే సరిపోతుంది. అసలు ప్యాడ్ ఏళ్లపాటు ఉంటుంది.

నంబర్ల వరుస

వడ్రంగి కాగితాన్ని నంబరుతోనే అడుగుతాడు. 80, 120, 180, 240, 320. యూరప్ కొలతలో ఈ అంకెల ముందు పి అక్షరం ఉంటుంది. పి80 కాగితం మీది రేణువు సగటున 200 మైక్రాన్లు. పి120 మీద 125. పి180 మీద 82, పి240 మీద 58, పి320 మీద 46. మొదటి మెట్లలో ఒక్కో మెట్టుకూ రేణువు దాదాపు మూడో వంతు చిన్నదవుతూ వస్తుంది. వరుస వెనక ఉన్న తర్కం ఇదే. కొత్త నంబరు చేయాల్సిన పని ఒక్కటే, వెనకటి నంబరు గీతలను చెరిపి తన గీతలను పెట్టడం. 80 తర్వాత నేరుగా 240కి దూకితే 58 మైక్రాన్ల రేణువు 200 మైక్రాన్ల గీతను చెరపలేక దాని గట్ల మీద మెరుగు పెడుతుంది. చేతికి నున్నగా తగులుతుంది, కిటికీ దగ్గర గీత అలాగే ఉంటుంది.

ఒక జాగ్రత్త. పి లేని అమెరికా నంబర్లు సన్నటి కాగితాల దగ్గర తేడాగా నడుస్తాయి. అక్కడి 400 ఇక్కడి పి800కి దగ్గర. రెండు కొలతల డిస్కులు ఒకే పెట్టెలో కలిపి పెట్టుకునేవాళ్లు వెనుక అచ్చు చదవాలి.

సమయమంతా మొదటి నంబరు దగ్గర పోవాలి. ఉలి గుర్తులు, లేచిన నార అన్నీ 80తోనో 120తోనో పోవాల్సిందే. తర్వాతి నంబర్లన్నీ కలిపి దానికి పట్టినంత సేపు పట్టవు. మధ్యలో పెన్సిల్‌తో గిన్నె అంతా పిచ్చిగీతలు గీసి, అవన్నీ పోయేదాకా రుద్దడం పాత ఉపాయం, ఇప్పటికీ దానికి సాటి లేదు. నంబరు మార్చే ముందు దుమ్ము తుడవకపోతే 80 నుంచి రాలిన ఒక్క రేణువు 240 కింద చేరి పనంతా చెడగొడుతుంది. 180 తర్వాత తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనిస్తే పడుకున్న నార లేచి నిలబడుతుంది. దాన్ని 240తో కోసేస్తే, తర్వాత గిన్నె కడిగినా గరుకు తేలదు.

చెక్కకు అల్యూమినియం ఆక్సైడ్ కాగితం బాగా పనిచేస్తుంది. నల్లగా ఉండే సిలికాన్ కార్బైడ్ ఇంకా గట్టిది, పై కోటు మధ్యలో రుద్దడానికి సరిపోతుంది. ఆ పదార్థాన్ని 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ యాచిసన్ కొలిమిలో పుట్టించాడు. కార్బొరండం అన్న పేరు పెట్టిందీ ఆయనే. ఆ పేరుతోనే 1954లో మద్రాసులో కార్బొరండం యూనివర్సల్ మొదలైంది, ఇవాళ మన హార్డ్‌వేర్ కొట్ల గోడలకు వేలాడే కాగితాల్లో ఆ కంపెనీవీ ఉంటాయి. ఇక తడిపి రుద్దే నీళ్ల కాగితం కథ 1921ది. ఫిలడెల్ఫియాలో ఫ్రాన్సిస్ ఓకీ అనే సిరా వ్యాపారి నీళ్లకు తట్టుకునే కాగితం తయారుచేస్తే, 3ఎం కంపెనీ దాని హక్కులు కొని ఆయన్నీ పనిలో పెట్టుకుంది. కార్ల రంగు పనిలో లేచే దుమ్మును అణచడానికి అది పెద్ద ఊరటైంది. గిన్నెలకు మాత్రం నీళ్లు వద్దు, నూనె తడితో రుద్దొచ్చు. అప్పుడు కొక్కేల డిస్కు బదులు చేతి కాగితమే వాడాలి, లేకపోతే నూనె, పొట్టు కలిసిన బురద ప్యాడ్‌లోకి పోతుంది.

టేకు లాంటి నూనె గల కర్ర మీద మామూలు కాగితం నిమిషాల్లో పూడుకుపోతుంది. తెల్లటి పూత ఉన్న కాగితాలు దీనికి మందు. అంతకన్నా మంచిది వల లాంటి డిస్కు. ఫిన్లాండ్ కంపెనీ మిర్కా అమ్మే అబ్రానెట్ ఆ కోవకు చెందింది. సందుల్లోంచి దుమ్ము నేరుగా వాక్యూమ్‌లోకి పోతుంది కాబట్టి పూడుకుపోదు, వేడీ తక్కువ. ధర ఎక్కువే, కానీ ఒక్కోటి చాలా మామూలు కాగితాల పని చేస్తుంది.

కరెంటా, గాలా, ఏదీ లేకుండానా

రెండు, మూడు అంగుళాల ఆర్బిటల్ సాండర్లలో చాలావరకు గాలితో నడిచేవి. అరచేతిలో ఇమిడిపోతాయి, బరువు తక్కువ, మోటారు కాలిపోయే భయం లేదు. కానీ గాలిని విపరీతంగా తాగుతాయి. టైర్లకు గాలి కొట్టే చిన్న కంప్రెసర్ రెండు నిమిషాల్లో ఆయాసపడిపోతుంది. ఇంట్లో ఒక గదిలో పనిచేసుకునేవాళ్లకు పెద్ద కంప్రెసర్, దాని చప్పుడు, దాని కరెంటు బిల్లు అన్నీ కలిస్తే సాండర్ ధర చిన్నదైపోతుంది.

ఎక్కువమంది చేసేది డ్రిల్ మిషన్‌కు రెండు అంగుళాల స్పాంజి ప్యాడ్ బిగించడం. లేత్ ఒకవైపు తిరుగుతుంటే ప్యాడ్ ఎదురు వైపు తిరుగుతుంది, గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. ఆర్బిటల్ ఇచ్చినంత నునుపు రాదు, దానికి చాలా దగ్గరగా వస్తుంది. ఖర్చు నామమాత్రం. ఒక్క నష్టం, చెక్క దుమ్ము డ్రిల్ గాలి రంధ్రాల్లోంచి లోపలికి పోయి కొన్నాళ్లకు బేరింగులు మూలుగుతాయి. పాత డ్రిల్‌ను దీనికే కేటాయించడం తెలివైన పని.

నాకు అన్నింటికన్నా నచ్చినది కరెంటూ గాలీ ఏదీ అక్కర్లేని సాండర్. పిడి, కొసన బేరింగ్, దాని మీద తేలిగ్గా తిరిగే చిన్న ప్యాడ్, అంతే. షెఫీల్డ్‌లోని రాబర్ట్ సోర్బీ కంపెనీ శాండ్‌మాస్టర్ పేరుతో దీన్ని అమ్ముతుంది. ప్యాడ్‌ను ఏటవాలుగా గిన్నెకు ఆనిస్తే తిరుగుతున్న గిన్నే దాన్ని తిప్పుతుంది. వేడి పెద్దగా పుట్టదు, చప్పుడు లేదు, దుమ్ము ముఖం మీదికి ఎగరదు. కేంద్రం దగ్గర మాత్రం గిన్నె వేగమే లేదు కాబట్టి అది తిరగదు, అక్కడ డ్రిల్లో చెయ్యో కావాలి. లేచిన నారను తీసే మొదటి మొరటు పనికి కూడా ఇది చాలదు. అయినా 120 నుంచి పైకి దీనితో చేసిన గిన్నెలకూ ఖరీదైన మిషన్‌తో చేసిన గిన్నెలకూ కిటికీ దగ్గర తేడా చూపించడం కష్టం.

ఏది వాడినా రుద్దే ముందు లేత్ మీది ఉలి ఆనింపు కమ్మీని తీసి పక్కన పెట్టండి. కాగితాన్ని వేలికి చుట్టుకోకండి. పొడుగు చేతుల చొక్కా, కండువా వద్దు.

గాల్లో తేలేది

ఇంగ్లండులో హై వైకూంబ్ అనే ఊరు కుర్చీలకు పెట్టింది పేరు. చుట్టుపక్కల బీచ్ చెట్ల అడవుల్లో కుర్చీ కోళ్లను లేత్ మీద తీసేవాళ్లు తరతరాలుగా ఉండేవారు. 1960ల్లో ఆ ప్రాంతపు వైద్యులు, వాళ్లలో ముక్కు, చెవి, గొంతు వైద్యురాలు ఎస్మే హాడ్‌ఫీల్డ్ ఒకరు, ముక్కు లోపల వచ్చే అరుదైన క్యాన్సర్ చెక్క సామాను పనివాళ్లలో మామూలుకన్నా చాలా ఎక్కువగా ఉందని గుర్తించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్క దుమ్మును మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు పొగ ఉన్నది కూడా ఆ వర్గంలోనే.

ఉలి తీసే పొట్టు నేల మీద పడుతుంది, చీపురుతో పోతుంది. సాండర్ తీసేది గాల్లో తేలుతుంది. మిషన్ వెనుక తగిలించిన గుడ్డ సంచి పెద్ద రేణువులను పట్టుకుని, హాని చేసే సన్నటి దుమ్మును గదిలోకి వదిలేస్తుంది. లేత్ వెనుక వెడల్పాటి మూతి పెట్టి, వాక్యూమ్ గొట్టం తగిలించి, కిటికీ వైపు ఫ్యాను తిప్పి, ఆ పైన ఎన్95 మాస్కు కట్టుకోవాలి. కరోనా రోజుల్లో ఇంటింటా కొన్న మాస్కులు ఇంకా అలమరల్లో ఉండే ఉంటాయి. తుమ్ములు తెప్పించే రోజ్‌వుడ్ లాంటి కర్రల దగ్గర ఇది మరీ ముఖ్యం. ముఖానికి కండువా చుట్టుకుంటే చాలనుకోవడం మన పనిశాలల్లో పాతుకుపోయిన అలవాటు. ఆ నేతలోంచి సన్న దుమ్ము తాపీగా లోపలికి పోతుంది.

కాబట్టి గిన్నెలు తీయబోయే కొత్తవాళ్లు డబ్బు ఖర్చుపెట్టే క్రమం నేనైతే ఇలా పెడతాను. మొదట మాస్కు, వాక్యూమ్. తర్వాత రెండు అంగుళాల ప్యాడ్‌లు రెండు, మెత్తటిదొకటి, మధ్యరకమొకటి, వాటికి స్పాంజి పొరలు, మంచి రకం డిస్కులు ఐదు నంబర్లలో. వాటిని ఇంట్లో ఉన్న పాత డ్రిల్‌కు బిగించి పది గిన్నెలు చేసి చూడాలి. ఆ తర్వాత కరెంటు లేని సాండర్. పళ్లేల పని నిజంగా ఎక్కువైతే అప్పుడు ఐదు అంగుళాల ఆర్బిటల్. 80 నంబరు డిస్కులే ముందుగా అయిపోతున్నాయా, అయితే కొత్త పెట్టె తెప్పించే ముందు ఉలిని సానపెట్టాలి. పదునైన ఉలితో చివరి పొరను పలుచగా, ఏటవాలుగా గీరి తీసిన గిన్నెకు రుద్దుడు 150తోనో 180తోనో మొదలుపెట్టొచ్చు, 80 నంబరు పెట్టె తెరవాల్సిన పని ఉండదు.